ఖుక్రి చివరి నిమిషాలు: కెప్టెన్ ముల్లా పతకాన్ని ఎలా చదవాలి

కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా పేరు వినగానే భారత నౌకాదళం గురించి కాస్త తెలిసినవాళ్లకు ఒకే దృశ్యం కళ్లముందు మెదులుతుంది. ఓడ మునిగిపోతోంది. బ్రిడ్జి మీద, అంటే ఓడను నడిపించే చోట, తన కుర్చీలో కెప్టెన్ కదలకుండా కూర్చున్నారు. 1971 డిసెంబర్ 9 రాత్రి డయ్యూ తీరానికి దూరంగా అరేబియా సముద్రంలో ఐఎన్ఎస్ ఖుక్రి మునిగింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు, మొత్తం 194 మంది ప్రాణాలు పోయాయి. స్వాతంత్ర్యం వచ్చాక యుద్ధంలో భారత్ పోగొట్టుకున్న యుద్ధనౌక అదొక్కటే. దాని కెప్టెన్‌కు మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు.

ఆ పతకంతో పాటు వెలువడిన ప్రశంసాపత్రం ఒక పేరాకు మించదు. కానీ దాన్ని నిదానంగా చదివితే, జనం నోళ్లలో నలిగిన కథకూ దానికీ తేడా తెలుస్తుంది. ఓడను విడిచిపెట్టాలని నిర్ణయించాక సిబ్బందిని కాపాడే ఏర్పాట్లను ఆయన తొణక్కుండా ఒక క్రమంలో నడిపించారని అందులో ఉంది. తన ప్రాణరక్షణ సామగ్రిని ఒక నావికుడికి ఇచ్చేశారని ఉంది. వీలైనంత మందిని దింపేశాక, ఇంకెవరినైనా కాపాడవచ్చేమో చూద్దామని మళ్లీ బ్రిడ్జి మీదికి వెళ్లారని ఉంది. ఓడతో పాటు మునగడం చివరికి, ఒక్క వాక్యంలో వస్తుంది. పత్రంలో ఎక్కువ భాగం ఆయన చేసిన పని గురించే.

ఈ తేడాను పట్టుకోకపోతే ముల్లా జీవితం ఒక్క ఫొటోగా మిగిలిపోతుంది. ఆ ఫొటో వెనుక ఇరవై మూడేళ్ల ఉద్యోగం ఉంది, పాతబడిన ఓడ ఉంది, తనకంటే దూరం వినగలిగే శత్రువు ఉంది, ఇప్పటికీ వాదన తెగని ఒక నిర్ణయం కూడా ఉంది. వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూసినా ఆయన పరువు తగ్గదు. ఆయన ఎంత తెలిసి ఆ సముద్రంలోకి వెళ్లారో అర్థమవుతుంది.

ముల్లా 1926 మే 15న ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్‌లో, కాశ్మీరీ పండిట్ల కుటుంబంలో పుట్టారు. సముద్రం వాసన కూడా తగలని ఊరు అది. 1946లో క్యాడెట్‌గా నౌకాదళంలో చేరారు. అదే ఏడాది ఫిబ్రవరిలో బొంబాయిలో రాయల్ ఇండియన్ నేవీ నావికులు తిరుగుబాటు చేశారు. ఒక పాలన ముగిసి మరో పాలన మొదలయ్యే ఆ సంధికాలంలో చేరిన తరం ఆయనది. ఆ రోజుల్లో మన అధికారులకు శిక్షణ బ్రిటన్‌లో జరిగేది. ఓడలూ అక్కడివే, పద్ధతులూ అక్కడివే. ముల్లాకు 1948 మే 1న కమిషన్ వచ్చింది.

ఆ తర్వాతి ఉద్యోగ జీవితం నౌకాదళ అధికారులకు మామూలుగా ఉండే మెట్ల మీదుగానే సాగింది. ఐఎన్ఎస్ రాణా అనే డిస్ట్రాయర్ తరహా యుద్ధనౌకకు సారథ్యం వహించారు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళం నడిపిన ఓడనే కొని ఆ పేరు పెట్టారు. 1965 నుంచి 1967 వరకు లండన్‌లోని భారత హైకమిషన్‌లో ఉప నౌకా సలహాదారుగా ఉన్నారు. బొంబాయిలోని తీర స్థావరం ఐఎన్ఎస్ ఆంగ్రేకు అధిపతిగా పనిచేశారు. 1971 ఫిబ్రవరిలో ఖుక్రి పగ్గాలు అందుకున్నారు. ఆ ఓడ కెప్టెన్ అంటే 14వ ఫ్రిగేట్ స్క్వాడ్రన్ అనే యుద్ధనౌకల దళం మొత్తానికి పెద్ద. ఖుక్రి, కిర్పాణ్, కుఠార్ మూడూ ఆయన కిందివే. మూడు ఓడలకూ ఆయుధాల పేర్లే.

ఆ ఆయుధాల పదును గురించి కొంచెం చెప్పుకోవాలి. ఇవి బ్రిటన్ 1950లలో కట్టిన టైప్ 14, లేదా బ్లాక్‌వుడ్ తరగతి ఫ్రిగేట్లు. జలాంతర్గాములను వేటాడడమే వీటి పని. తక్కువ ఖర్చులో, త్వరగా, ఎక్కువ సంఖ్యలో కట్టుకోవాలన్న ఆలోచనతో గీసిన ఓడలు కాబట్టి వీటిని బాగా కుదించారు. బరువు సుమారు 1,200 టన్నులు, ప్రొపెల్లర్ ఒక్కటే, చెప్పుకోదగ్గ పెద్ద ఫిరంగి లేదు. జలాంతర్గామి మీదికి విసిరే లింబో మోర్టార్లు రెండు ఉండేవి. వాటి బాంబులు సుమారు కిలోమీటరు దూరం వెళ్లి నీళ్లలో పడి, లోపల పేలతాయి. రెండో ప్రపంచ యుద్ధం నాటి జలాంతర్గాములను తలచుకుంటే ఆ దూరం చాలనిపించేది. ఖుక్రి 1958లో మన నౌకాదళంలో చేరింది. 1971 నాటికి దానికి పదమూడేళ్లు. సముద్ర యుద్ధంలో ఆ పదమూడేళ్లలో నీటి కింద జరిగిన మార్పు మాత్రం ఒక తరం పాటిది.

ఆ మార్పు పాకిస్తాన్ చేతికి ఫ్రాన్స్ నుంచి వచ్చింది. హంగోర్, షుషుక్, మాంగ్రో అనే మూడు డాఫ్నే తరగతి జలాంతర్గాములను పాకిస్తాన్ కొనుక్కుంది. వాటిలో హంగోర్ 1969 డిసెంబర్‌లో సేవలో చేరింది. అంటే యుద్ధం నాటికి దానికి సరిగ్గా రెండేళ్లు. చిన్నది, చప్పుడు తక్కువ, పన్నెండు టార్పెడో గొట్టాలున్నది. దాని టార్పెడోలు, అంటే నీటి కింద దూసుకెళ్లి పేలే ఆయుధాలు, కొన్ని కిలోమీటర్ల దూరం నుంచి, ఓడ చేసే చప్పుడును బట్టి దారి వెతుక్కుంటూ రాగలవు. ఖుక్రి తన మోర్టార్ వాడాలంటే ఆ జలాంతర్గామికి కిలోమీటరు దగ్గరదాకా చేరాలి. హంగోర్‌కు అంత దగ్గరికి రావాల్సిన అవసరం లేదు. పోరు మొదలవకముందే లెక్క ఎటు మొగ్గిందో ఈ ఒక్క పోలిక చెబుతుంది.

విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో ఐఎన్ఎస్ కురుసుర లోపలికి వెళ్లి చూసినవాళ్లకు ఆ కాలపు జలాంతర్గామి ఎలా ఉండేదో వేరే చెప్పనక్కర్లేదు. గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరడం, ఒకరి పక్కన ఒకరు పట్టనంత సన్నటి దారి, టార్పెడోల పక్కనే పడకలు. కురుసుర సోవియట్ తయారీ, హంగోర్ కంటే పెద్దది, కానీ రెండూ ఒకే కాలానివి, ఒకే సూత్రం మీద నడిచేవి: నీటిపైన డీజిల్, నీటి కింద బ్యాటరీలు. కురుసుర కూడా 1971లో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగిందే. బ్యాటరీల మీద మెల్లగా కదిలే జలాంతర్గామి నీటి కింద దాదాపు నిశ్శబ్దం. పైనున్న ఓడ మాత్రం ఇంజన్లు, ప్రొపెల్లర్, చీలుతున్న నీరు అన్నీ కలిసి గోల చేస్తూనే ఉంటుంది. పైనున్నవాడు వెతుకుతాడు, కిందున్నవాడు వింటాడు. సాధారణంగా ముందు తెలిసేది వినేవాడికే.

యుద్ధం డిసెంబర్ 3 సాయంత్రం మొదలైంది. ఆ రాత్రే, 3, 4 తేదీల మధ్య, విశాఖ రేవు ముంగిట పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ పేలి మునిగిపోయింది. అందులోని తొంభైమందికి పైగా సిబ్బందిలో ఒక్కరూ మిగల్లేదు. 4వ తేదీ రాత్రి మన క్షిపణి పడవలు కరాచీ మీద దాడి చేసి ఖైబర్ అనే డిస్ట్రాయర్‌ను, ముహాఫిజ్ అనే మైన్‌స్వీపర్‌ను ముంచాయి. నౌకాదళ దినోత్సవం ఆ దాడి గుర్తుగానే జరుపుకుంటాం. 8వ తేదీ రాత్రి రెండో దాడిలో కరాచీ రేవులోని కియామారి చమురు ట్యాంకులు తగలబడ్డాయి. అయిదు రోజుల్లో ఇన్ని విజయాలు. అదే వారంలో అదే సముద్రంలో హంగోర్ తిరుగుతోంది.

హంగోర్ నవంబర్ చివర్లోనే కరాచీ వదిలి బొంబాయి దగ్గరికి వచ్చేసింది. పాకిస్తాన్ వైపు కథనం ప్రకారం, యుద్ధానికి ముందటి రాత్రి మన పడమటి నౌకాదళం బొంబాయి నుంచి బయల్దేరి దాని మీదుగానే వెళ్లింది. యుద్ధం మొదలుకాలేదు కాబట్టి కాల్చడానికి దానికి అనుమతి లేదు. తర్వాత అది సౌరాష్ట్ర తీరం వైపు జరిగింది. ఈ క్రమంలో అది కరాచీకి పంపిన రేడియో సందేశాలను మన తీరంలోని కేంద్రాలు పట్టుకున్నాయి. సందేశం అర్థం కాకపోయినా, అది ఏ దిక్కునుంచి వచ్చిందో రెండు మూడు చోట్ల నుంచి కొలిస్తే చోటు ఇంచుమించుగా తెలుస్తుంది. డయ్యూకు నైరుతి దిశలో జలాంతర్గామి ఉందని అలా తేలింది. దాన్ని వెతికి పట్టుకోమని 14వ ఫ్రిగేట్ స్క్వాడ్రన్‌కు ఆదేశం వచ్చింది.

స్క్వాడ్రన్ అన్నది మాటకే. యుద్ధం మొదటి రోజుల్లోనే కుఠార్ ఇంజన్ విభాగంలో ప్రమాదం జరిగి మూలపడింది. మిగిలినవి ఖుక్రి, కిర్పాణ్. డిసెంబర్ 8న ఆ రెండే బొంబాయి నుంచి బయల్దేరాయి.

రెండు పాత ఓడలను ఆధునిక జలాంతర్గామి మీదికి ఎందుకు పంపారన్న ప్రశ్న యాభై ఏళ్లు దాటినా మాయలేదు. మాయకపోవడమే న్యాయం. అయితే ఆ రోజు పశ్చిమ నౌకాదళ కమాండ్ బల్ల మీద ఏమేం ఉన్నాయో చూడకుండా జవాబు చెప్పుకుంటే అది తీర్పు అవుతుంది, విశ్లేషణ కాదు. విమానవాహక నౌక విక్రాంత్ బంగాళాఖాతంలో ఉంది. సోవియట్ నుంచి వచ్చిన పెట్యా తరగతి ఓడలు జలాంతర్గాముల వేటకే కట్టినవైనా, వాటిలో కొన్ని విక్రాంత్‌కు కాపలాగా తూర్పున ఉన్నాయి, మరికొన్ని కరాచీ మీదికి వెళ్లిన క్షిపణి పడవలకు తోడుగా వెళ్లాయి. సీకింగ్ హెలికాప్టర్లు ఆ ఏడాదే వచ్చాయి. సముద్రం మీద దూర గస్తీ అప్పటికి వైమానిక దళం చేతిలో ఉండేది, అది కూడా ప్రయాణికుల విమానాల నుంచి మార్చుకున్న సూపర్ కాన్‌స్టెలేషన్లతో. కరాచీ మీద దాడికి మంచి ఆయుధాలు పంపిన నౌకాదళానికి, సొంత తీరం దగ్గర జలాంతర్గామిని వెతకడానికి మిగిలినవి మిగిలాయి. దాడి విజయానికి చెల్లించిన ధరలో ఖుక్రి కూడా ఒక భాగమని ఈ లెక్క చూస్తే అనిపిస్తుంది. కరాచీ దాడిని ఏటా తలచుకునే చోట ఈ మాట కూడా చెప్పుకోవాలి.

ఇక వాదన తెగని నిర్ణయం సంగతి. ఆ రాత్రి ఖుక్రి మెల్లగా వెళుతోంది, సుమారు 12 నాట్లు, అంటే గంటకు 22 కిలోమీటర్ల వేగం. జలాంతర్గామి ఉందని తెలిసిన నీళ్లలో ఓడ వేగంగా, వంకర టింకరగా పోవాలన్నది పాఠం. తిన్నగా, నెమ్మదిగా పోయే ఓడ మీద గురి పెట్టడం తేలిక. మరి ఎందుకు నెమ్మదించారు?

జవాబు సోనార్‌లో ఉంది. ఓడ కింది నుంచి ఒక శబ్దాన్ని వదిలి, అది జలాంతర్గామి ఒంటికి తగిలి తిరిగి వచ్చే ప్రతిధ్వనిని పట్టుకోవడమే సోనార్ పని. ఆ ప్రతిధ్వని చాలా బలహీనంగా వస్తుంది. ఓడ వేగం పెరిగినకొద్దీ దాని చుట్టూ నీటి చప్పుడు పెరిగి ఆ చిన్న శబ్దాన్ని మింగేస్తుంది. దీనికి తోడు సముద్రం కూడా సహకరించదు. చెరువు నీళ్లలో నిలబెట్టిన కర్ర వంగినట్టు కనిపించేది వెలుగు నీటిలో దారి మార్చుకోవడం వల్లే. శబ్దం కూడా వెచ్చటి నీటిపొర నుంచి చల్లటి పొరలోకి దిగేటప్పుడు అలాగే వంగుతుంది. అరేబియా సముద్రంలో పైపొర వెచ్చగా ఉండి, కింద ఒక్కసారిగా చల్లబడే చోట్లు చాలా ఉంటాయి. ఆ పొర కిందికి దిగి కూర్చున్న జలాంతర్గామికి పైనుంచి వచ్చే సోనార్ శబ్దం సరిగ్గా అందదు. పాత సోనార్ ఆ నీళ్లలో ఎంత దూరం వినగలదో ముల్లాకు తెలియనిది కాదు.

ఆ దూరాన్ని పెంచడానికే ఖుక్రి మీద ఒక కొత్త పరికరాన్ని పరీక్షిస్తున్నారు. భాభా అణు పరిశోధన కేంద్రంలో పనిచేస్తూ దాన్ని రూపొందించిన నౌకాదళ ఇంజనీరు లెఫ్టినెంట్ వి.కె. జైన్ ఆ ప్రయాణంలో ఓడ మీదే ఉన్నారు. సోనార్ మరికాస్త దూరం వినేలా చేసే ఆ పరికరం సరిగ్గా పనిచేయాలంటే ఓడ నెమ్మదిగా పోవాలి. ముందు శత్రువును మనం చూడాలంటే నెమ్మదించాలి, శత్రువు మనల్ని కొట్టకుండా ఉండాలంటే వేగం పెంచాలి. రెండూ ఒకేసారి కుదరవు. కెప్టెన్ మొదటిదాన్ని ఎంచుకున్నారు. జైన్ ఆ రాత్రి ఓడతో పాటే పోయారు.

ఇది పొరపాటా? ఫలితం తెలిసిన మనకు అలాగే కనిపిస్తుంది. నౌకాదళంలోని వాళ్లే ఆ వేగాన్ని తప్పుపట్టారు, ఆ విమర్శకు ఆధారం ఉంది. కానీ వేగంగా పోయి ఉంటే పాత సోనార్‌తో ఖుక్రి దాదాపు గుడ్డిగా తిరిగేది. అప్పుడు ప్రాణాలు దక్కేవేమో, వెతకమని పంపిన పని మాత్రం అయ్యేది కాదు. తనకు లేని చూపును తెచ్చుకోవడానికి ముల్లా ప్రమాదాన్ని నెత్తిన వేసుకున్నారు. ఆ ప్రమాదం ఆయన ఒక్కరిదే కాదు, ఓడలోని అందరిదీ. కమాండ్ అనే మాటకు బరువు ఇక్కడే ఉంది. ఓడకు దెబ్బ తగిలాక నిమిషాల్లో ఆయన చేసిన ప్రతి పనినీ ఈ బరువుతో కలిపే చూడాలి.

హంగోర్ కమాండర్ అహ్మద్ తస్నీం ఆ తర్వాత తన వైపు కథ చెప్పారు. 9వ తేదీ ఉదయం నుంచే ఆయనకు రెండు ఓడల జాడ తెలిసింది. వాటిని వెంబడిస్తే బ్యాటరీలు అయిపోతాయి, వేగం చాలదు. అందుకని అవి ఏ పద్ధతిలో వెతుకుతూ తిరుగుతున్నాయో గమనించి, మళ్లీ ఎక్కడికి వస్తాయో లెక్కవేసి ఆ దారిలో ముందే చేరి కాచుకున్నారు. చీకటి పడ్డాక నలభై మీటర్ల లోతుకు దిగి, కేవలం శబ్దాన్ని బట్టి కాల్చారు. మొదటి టార్పెడో కిర్పాణ్ వైపు వెళ్లింది, పేలలేదు. రెండోది ఖుక్రికి అడుగున తగిలింది. సమయం రాత్రి తొమ్మిదికి కాస్త ముందు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఒక జలాంతర్గామి పోరులో ఓడను ముంచడం ప్రపంచంలో అదే మొదటిసారి.

దెబ్బ తగలగానే కరెంటు పోయింది. పేలుడు ఒక్కటితో ఆగలేదు. ఓడ ఒక పక్కకు ఒరగడం మొదలైంది. అక్కడినుంచి అంతా నిమిషాల లెక్క. ఆ ఓడలో ఆ రాత్రి 261 మంది ఉన్నారు. బ్రిటిష్ నౌకాదళం ఇదే తరహా ఓడను నూటయాభై మంది లోపు సిబ్బందితో నడిపేది. చీకట్లో, ఒరుగుతున్న ఓడలో, కింది అంతస్తుల నుంచి నిచ్చెనల మీదుగా ఇరుకు హ్యాచ్‌లలోంచి అంతమంది పైకి రావాలి. చాలామంది రాలేకపోయారు. అంత పెద్ద సంఖ్యలో ప్రాణనష్టం వెనుక కనిపించే మామూలు, కఠినమైన కారణం ఇది. పైకి వచ్చినవాళ్లు దూకాలంటే లైఫ్ జాకెట్ వెతుక్కోవాలి, తెప్పలు నీళ్లలోకి దించాలి, ఓడ లాగేసుకునే లోపు దూరంగా ఈదాలి.

ముల్లా తలకు గాయమైంది. ఓడను విడిచిపెట్టమని ఆజ్ఞ ఇచ్చారు. బ్రిడ్జి మీద ఉన్న యువ అధికారులను వెళ్లమని, వెళ్లకపోతే తోసి మరీ పంపారు. బతికి బయటపడ్డవాళ్ల జ్ఞాపకాల్లో ఈ తోయడం పదేపదే వస్తుంది. మీరూ రండి సార్ అని అడిగినవాళ్లున్నారు. తన లైఫ్ జాకెట్‌ను ఒక నావికుడికి ఇచ్చేశారు. నీళ్లలో నుంచి వెనక్కి తిరిగి చూసినవాళ్లకు బ్రిడ్జి మీద కుర్చీలో ఆయన కనిపించారు, చేతిలో సిగరెట్ ఉందని కొందరు చెబుతారు. ఆపై ఓడ ముక్కు పైకి లేచి నీళ్లలోకి జారిపోయింది.

కెప్టెన్ ఓడతో పాటు మునగాలన్న నియమం ఏ నౌకాదళంలోనూ లేదు. చివరగా దిగాలన్నది మాత్రం సంప్రదాయం, బాధ్యత. ఖుక్రిలో 'చివర' అనేదే రాలేదు. కిందా పైనా మనుషులు ఇంకా ఉండగానే ఓడ మునిగింది. తన వాళ్లు లోపల చిక్కుకుని ఉండగా దిగిపోవడానికి ఆయనకు క్షణం దొరకలేదు, లేదా దొరికినా ఆ క్షణాన్ని వాడుకోలేదు. ప్రశంసాపత్రం 'ఇంకేం చేయవచ్చో చూడడానికి' వెనక్కి వెళ్లారని రాసింది ఇందుకే. ఆయన చావును ఒక ఆచారంగా చూపించే కథనాలు ఈ మాటను వదిలేస్తాయి. ఆయనది మరణాన్ని కోరుకున్న వైఖరి కాదు. పని అయ్యేదాకా ఉండిపోయిన మనిషి వైఖరి.

అసలు చేదు కిర్పాణ్ గురించిన ప్రశ్నలో ఉంది. తోటి ఓడ మునుగుతుంటే కిర్పాణ్ అక్కడే ఆగి నీళ్లలో ఉన్నవాళ్లను ఎందుకు ఎత్తుకోలేదు? హంగోర్ మూడో టార్పెడోను దాని మీదికే వదిలింది. కిర్పాణ్ తప్పించుకుని దూరంగా వెళ్లింది. మర్నాడు మరో యుద్ధనౌకతో కలిసి తిరిగి వచ్చింది. రాత్రంతా తెప్పల మీద, నూనె తేలుతున్న నీళ్లలో గడిపిన 67 మందిని అప్పుడు కాపాడగలిగారు. ఆరుగురు అధికారులు, 61 మంది నావికులు. ఆ రాత్రి తమ వైపు రాని ఓడను తలచుకుని వాళ్లలో కొందరు బాధపడ్డారు. ఆ బాధను ఎవరూ తప్పనలేరు.

అయితే నౌకాయుద్ధం ఈ పాఠాన్ని 1914లోనే నెత్తుటితో రాసుకుంది. ఆ ఏడాది సెప్టెంబర్ 22న ఉత్తర సముద్రంలో ఒకే ఒక్క జర్మన్ జలాంతర్గామి బ్రిటిష్ క్రూయిజర్ అబూకిర్‌ను కొట్టింది. నీళ్లలోని వాళ్లను ఎత్తుకోవడానికి తోటి ఓడలు హోగ్, క్రెసీ ఆగాయి. రెండూ మునిగాయి. మొత్తం 1,459 మంది చనిపోయారు. జలాంతర్గామి పొంచి ఉన్నచోట కాపాడడానికి ఆగకూడదన్న నియమం ఆ రోజు నుంచే వచ్చింది. కిర్పాణ్ ఆగి ఉంటే ఆ రాత్రి చనిపోయినవాళ్ల సంఖ్య రెట్టింపు అయి ఉండొచ్చు, కాపాడేందుకు వచ్చే ఓడే లేకపోవచ్చు. ఈ మాట లెక్కకు సరిపోతుంది. తెప్ప మీద రాత్రంతా గడిపినవాడికి మాత్రం సరిపోదు. రెండూ నిజమే.

ఆ తర్వాత నాలుగు రోజులు నౌకాదళం హంగోర్ కోసం అరేబియా సముద్రాన్ని గాలించింది. ఓడలు, సీకింగ్‌లు, అలీజే విమానాలు కలిసి నీళ్లలోకి బాంబులు కుమ్మరించాయి. 10వ తేదీన ఒక అలీజే విమానం ముగ్గురు సిబ్బందితో తిరిగి రాలేదు. పాకిస్తాన్ స్టార్‌ఫైటర్ యుద్ధ విమానం దాన్ని కూల్చింది. హంగోర్ క్షేమంగా కరాచీ చేరింది. ముందుగా ఇవన్నీ కలిసి వెతికి ఉంటే అన్న ఊహ రాక మానదు. జలాంతర్గామిని వేటాడాలంటే గాల్లో కళ్లు ఉండాలని, ఓడలు ఒంటరిగా పోకూడదని నౌకాదళం ఆ వారంలో నేర్చుకుంది. 1976లో సముద్ర గస్తీ వైమానిక దళం నుంచి నౌకాదళం చేతికి వచ్చింది. మరుసటి ఏడాది గోవాలో జలాంతర్గాములను వెతకగల ఇల్యూషిన్-38 విమానాలు చేరాయి. ఈ మార్పులన్నిటికీ ఖుక్రి ఒక్కటే కారణమనడం అతిశయోక్తి. ఆ నిర్ణయాలు తీసుకున్న గదుల్లో ఖుక్రి గుర్తుకు రాలేదనుకోవడం అంతకంటే కష్టం.

ముల్లా బొమ్మతో 2000లో తపాలా బిళ్ల వచ్చింది. అంతకు ముందే, 1999 డిసెంబర్‌లో, డయ్యూలో సముద్రానికి ఎదురుగా ఉన్న గుట్ట మీద ఖుక్రి స్మారకం వెలిసింది. హంగోర్‌ను పాకిస్తాన్ కరాచీలోని మ్యూజియంలో దాచుకుంది. డిసెంబర్ 9 అక్కడ హంగోర్ దినం. దాని కమాండర్ తస్నీం వైస్ అడ్మిరల్ దాకా ఎదిగారు. తాను ఒక ఓడను ముంచిన రాత్రి గురించి ఆయన చెప్పిన వివరాల వల్లే, ఖుక్రి మీద ఉన్నవాళ్లకు ఎన్నటికీ తెలియని సగం కథ మనకు తెలిసింది.

ఖుక్రి పేరు నౌకాదళంలో ఆగిపోలేదు. 1989 ఆగస్టులో ఆ పేరుతో రెండో ఓడ వచ్చింది. ఈసారి బ్రిటన్ నుంచి కాదు, ముంబైలోని మజగావ్ డాక్‌లో కట్టిన క్షిపణి కార్వెట్, అంటే చిన్న యుద్ధనౌక. పడమటి సముద్రంలోనూ తూర్పు సముద్రంలోనూ 32 ఏళ్లు తిరిగి, 2021 డిసెంబర్ 23న విశాఖపట్నంలో విరమించింది. ఘాజీ మునిగిన నీళ్లకు కూతవేటు దూరంలో, సూర్యాస్తమయ వేళ దాని జెండా దించారు. తర్వాత ఆ ఓడను తుక్కు కింద అమ్మకుండా డయ్యూకు పంపారు. 2022 జనవరి 26న అక్కడి పాలనా యంత్రాంగానికి అప్పగించారు. మొదటి ఖుక్రి తన కెప్టెన్‌తో, 193 మంది తోటివారితో కలిసి నైరుతి దిక్కున సముద్రం అడుగున ఉంది. రెండోది ఒడ్డున ఉంది, ఎక్కి చూడవచ్చు.